పిప్పి పట్టిన తీపి
(గాఢమైన బీరు వెనుకనున్న ధాన్యపు లెక్క)

తెలుగుదేశమున తరతరములుగా జనులు త్రాగిన మత్తుపానీయములను పరికించినచో వానిలో ఒక సామాన్యధర్మము గోచరించును. తాటికల్లు గాని, ఈతకల్లు గాని, ఇప్పపువ్వును నానవేసి కాచిన సారా గాని, ప్రకృతి ముందుగనే సిద్ధపరచి యుంచిన తీపినుండియే పుట్టినవి. గీసిన చెట్టునుండి కుండలోనికి దిగు నీరా తియ్యగనే దిగును. ఎండిన ఇప్పపువ్వు నోట వేసికొన్నను తియ్యగనే యుండును. ఈస్టు అను సూక్ష్మజీవికి అట్టి చక్కెర దొరకిన చాలును, తక్కిన పని అదియే చూచుకొనును. బర్కత్‌పురకు కూతవేటు దూరమున, హైదరాబాదు నారాయణగూడలో, ఒకప్పుడు ప్రభుత్వ డిస్టిలరీ యుండెడిది. నిజాము రాజ్యమున సారాకు ముఖ్యమైన ముడిసరుకు ఇప్పపువ్వే. ధాన్యమును తీపిగా మార్చి, ఆ తీపిని పులియబెట్టు విద్య మన నగరవాసులకు మొన్నమొన్నటి వరకు పరిచయము లేనిదగుటకు కారణమిదియే.

ప్రాచీనులు దీని నెరుగకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణములో మేదకమను బియ్యపు మద్యమునకు కొలతలున్నవి: ఒక ద్రోణము నీటికి అర ఆఢకము బియ్యము, మూడు ప్రస్థముల కిణ్వము, అనగా పులియబెట్టు పదార్థము. ద్రోణమునకు నాలుగు ఆఢకములు గనుక నీరు ఎనిమిది పాళ్లయినచో బియ్యము ఒక పాలు. గృహస్థులు శుభకార్యములయందు శ్వేతసురను ఇంటనే చేసికొనవచ్చునని కూడ ఆ ప్రకరణమే అనుమతించినది. నేటి చట్టమునకు అంతటి ఔదార్యము లేదు. 1968నాటి ఎక్సైజు చట్టము ననుసరించి లైసెన్సు లేక మద్యము తయారుచేయుట మన రాష్ట్రమున నేరము. 2015లో మైక్రోబ్రూవరీలకు నియమావళి ఏర్పడిన పిదప హోటళ్లలో అక్కడికక్కడ బీరు తయారగుచున్నది గాని, ఇండ్లకు ఆ సదుపాయము రాలేదు. అమెరికాలో అధ్యక్షుడు జిమ్మీ కార్టరు 1978 అక్టోబరులో సంతకము చేసిన చట్టము వలన ఒక గృహమునకు ఏటా 200 గ్యాలనుల వరకు, ఒంటరివానికి 100 గ్యాలనుల వరకు, స్వంత వినియోగమునకై బీరు చేసికొను హక్కు లభించినది. బర్కత్‌పుర, చిక్కడపల్లి, అశోక్‌నగర్ పేటలలో బిడ్డలు ఆ దేశమున స్థిరపడిన కుటుంబము లనేకము; అచ్చటి గరాజులలో పొగలు గ్రక్కు గంజులలో నేమి జరుగునో తెలిసికొనుటకు ఇచ్చటివారికి లైసెన్సుతో పనిలేదు.

ధాన్యపు గింజలోని పిండిపదార్థము వేలకొలది చక్కెర కణములు గొలుసులై పెనవేసికొనిన నిల్వ. ఈస్టు దానిని తినజాలదు. గింజను నానబెట్టి మొలకెత్తించినప్పుడు, మొలకకు ఆహారముగా ఆ గొలుసులను త్రెంచుటకై, ఎమిలేజులను ఎంజైములు దానిలో మేల్కొనును. మొలకను సరియైన దశలో ఎండబెట్టి ఆపినచో అదియే మాల్టు. మన ఇండ్లలో పసిపిల్లలకు కాచు మొలకెత్తిన రాగుల పిండికిని దీనికిని సూత్రమొక్కటే. చిక్కని బియ్యపు గంజి గోరువెచ్చదనమును మించి, వ్రేలు ఓర్వజాలనంత వేడిగా ఉన్నప్పుడు, అందు కొంచెము మొలకరాగి పిండి కలిపి చూడుడు. కొంతసేపటికి గరిటె నిలువదగిన గంజి నీళ్లవలె పలుచనై, నాలుకకు తీపి తగులును. ఒక చుక్క టింక్చరు అయొడీను వేసినచో మొదట నీలమై కనబడిన రంగు, మార్పు పూర్తియైన వెనుక కనబడదు. బీరు చేయువారు మాష్ అని పిలుచు ప్రక్రియ ఇదియే: మరపట్టించిన బార్లీ మాల్టును వేడినీట కలిపి గంటసేపు 62 మొదలు 70 డిగ్రీల నడుమ నిలుపుట. 65కు దిగువన ఒక ఎంజైము చురుకుగా పనిచేసి ఈస్టు సులువుగా తిను మాల్టోజును విస్తారముగా నిచ్చును. 68కి ఎగువన రెండవది ముందంజ వేసి, పులియని పొడవుముక్కలను మిగిల్చి, త్రాగునప్పుడు నోటికి నిండుదనము నిచ్చును.

పిమ్మట ఆ తీపిద్రవమును, అనగా వర్టును, పిప్పినుండి వడగట్టి, పిప్పిపై మరికొంత వేడినీరు చల్లి మిగిలిన తీపిని కడిగి తీసి, హాప్సు అను చేదుపువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలుపుదురు. వర్టులో చక్కెర యెంతయున్నదో హైడ్రోమీటరు చెప్పును. నీటి సాంద్రత 1.000 అయినచో మామూలు బీరు వర్టు 1.050 వద్ద నుండును. గాఢమైన బార్లీవైను జాతి బీరులకు 1.100 కావలెను. అది 1.025 వరకు పులిసినచో ఆల్కహాలు సుమారు 10 శాతము. మన ఆహార ప్రమాణముల సంస్థ 2018లో స్ట్రాంగు బీరునకు విధించిన గరిష్ఠపరిమితి 8 శాతమే.

ఇచ్చట కొత్తవానికి సహజముగా తట్టు ఆలోచన యొకటి కలదు. ఇరువది లీటర్ల మామూలు బీరునకు నాలుగున్నర కిలోల మాల్టు చాలినచో, రెండింతల చక్కెరకు తొమ్మిది కిలోలు చాలవలెను గదా? చాలవు, పదకొండు కిలోలకు తక్కువ కాకుండ పట్టును. ఆ అదనపు రెండు కిలోలు ఏమైనవని విచారించుటలోనే ఈ విద్య యొక్క రహస్యమంతయు నున్నది.

పదకొండు కిలోల మాల్టునకు కిలోకు 2.6 లీటర్ల చొప్పున నీరు పోసినచో 28.6 లీటర్లు పట్టును. ఎంజైములు తమ పనిని ఏ లోపమును లేక ముగించినను, ఆ నీటిలో కరగిన చక్కెర వలన వర్టు సాంద్రత సుమారు 1.095 వద్ద ఆగిపోవును. పది కిలోలు పోసినను, వంద కిలోలు పోసినను, నీటికి ధాన్యమునకు గల పాలు మారనంతవరకు ఆ సంఖ్య మారదు. గాఢత ధాన్యపు బరువువలన గాక నీటి పాలువలననే నిర్ణయమగుచున్నది. ఇక రెండవ సంగతి: ప్రతి కిలో ధాన్యమును వడగట్టిన పిదప సుమారు ఒక లీటరు ద్రవమును తనలోనే పట్టి యుంచుకొనును. మామూలు బీరులో పిప్పి పట్టుకొన్నది నాలుగున్నర లీటర్లే. కడుగుటకు పదునేడు లీటర్ల నీరు మిగిలియుండును గనుక ఆ తీపి చాలవరకు వెలికి వచ్చును. గాఢమైన బీరులో పిప్పి పదకొండు లీటర్ల చిక్కని వర్టును, అనగా మొత్తము చక్కెరలో మూడవ వంతునకు పైగా, పట్టుకొని కూర్చుండును. కడుగుటకు ఎనిమిది లీటర్లకు మించి నీరు వాడరాదు, వాడినచో వర్టు పలుచనగును. కడిగిన వెనుక గూడ అయిదవ వంతునకు మించిన తీపి పిప్పితో పారవేయవలసినదే. ధాన్యము చెడ్డది కాదు, ఎంజైములు సోమరులు కావు. గాఢతకు చెల్లించు సుంకమది.

ఈ సుంకమును తగ్గించుటకు అనుభవజ్ఞులు పలుమార్గములు త్రొక్కిరి. ఇంగ్లాండులోని పూర్వపు బీరువారు మొదటి వర్టుతో గాఢమైన బీరును, పిప్పిపై మరల నీరు పోసి వచ్చిన రెండవ వర్టుతో పలుచని బీరును చేసెడివారు. మన ఇండ్లలో అతిథికి మొదటి డికాషను కాఫీయు, ఇంటివారికి రెండవ డికాషను కాఫీయు ఇచ్చు పొదుపు వంటిదే యిది. రెండవ మార్గము, ధాన్యమును రెండు పాళ్లుగా విభజించి, మొదటి పాలునుండి వచ్చిన వర్టునే నీటికి బదులుగా రెండవ పాలుపై పోయుట. 1.095 అను హద్దును ఇది దాటించును గాని, పిప్పి పట్టు వర్టు మరింత చిక్కనిదగును, కాలము రెండింతలగును. మూడవది, విస్తారముగా కడిగి వచ్చిన పలుచని వర్టును గంటలకొలది మరిగించి ఇంకించుట. గ్యాసు ఖర్చగును, రంగు ముదురును, కాలిన చక్కెర వాసన తగులును. నాలుగవది చక్కెరను నేరుగా కలుపుట: కిలో చక్కెర ఇరువది లీటర్లలో సాంద్రతను 0.019 మేర పెంచి రెండు కిలోల మాల్టు పని చేయును. బెల్జియములోని మఠములవారు తమ గాఢమైన బీరులలో దీనినే వాడుదురు. హద్దు మీరినచో బీరు ఒడలు చిక్కి, రుచి పలుచనై, ఆల్కహాలు మాత్రమే మిగులును. బెల్లము కలిపినచో దాని వాసనయు వెంట వచ్చును.

పాత్ర సంగతియు ఆలోచింపదగినది. పదకొండు కిలోల ధాన్యము నీటిలో ఏడు లీటర్లకు పైగా చోటాక్రమించును. నీటితో కలిసి ముప్పదియారు లీటర్లు. నలుబది లీటర్ల గంజు ఇంచుమించు అంచుల వరకు నిండును, తెడ్డు త్రిప్పుటకు సందుండదు; సరిగా కలియని చోట పొడిపిండి ఉండలుగట్టి, లోపల మార్పు జరుగక నిలిచిపోవును. లోతైన పిప్పి తన బరువునకు తానే అణగి వర్టును దిగనీయదు. పొట్టు లేని గోధుమ, ఓట్సు కలిపినచో మరింత మొరాయించును. దానికి మందు వరి ఊక. మన రైసుమిల్లుల వెనుక గుట్టలుగా పడియుండు ఆ ఊకను అమెరికాలో శుభ్రపరచి పొట్లములు గట్టి అమ్ముచున్నారు. ధాన్యములో నూటికి అయిదు పాళ్లు కలిపిన చాలును, పిప్పి గుల్లబారి వర్టు సాఫీగా దిగును.

వేడియు ముందుగా లెక్కవేయవలసినదే. ఎండకాలపు హైదరాబాదు ఇంటిలో ధాన్యము 30 డిగ్రీల వద్ద నుండును గనుక, మాష్ 66 వద్ద నిలువవలెనన్నచో నీరు సుమారు 72 డిగ్రీలుండవలెను. న్యూజెర్సీ శీతకాలపు గరాజులో 10 డిగ్రీల వద్దనున్న ధాన్యమునకు 75 కావలెను. ధాన్యము హెచ్చుగా, నీరు కొద్దిగా నున్నకొలది ఈ వ్యత్యాసము పెరుగును. అయిన నొక లాభము కలదు, అంతటి రాశి త్వరగా చల్లారదు.

పిమ్మట ఈస్టు వంతు. 1.100 సాంద్రతగల వర్టు దానికి మొదట చక్కెర చేత, చివర తానే పుట్టించిన ఆల్కహాలు చేత ఉభయబాధ. మామూలుకంటె రెండింతల ఈస్టు, ఆరంభమున సమృద్ధిగా ప్రాణవాయువు, 18, 20 డిగ్రీల చల్లదనము కావలెను. వైశాఖమాసపు వేడికి విడిచినచో అది ఘాటైన ఆల్కహాలులను పుట్టించును.

ఇన్నియు విచారించిన పిమ్మట ఉత్తమమార్గమేది యన్నచో, పాత్రను పెంచుట గాదు, ఆశను తగ్గించుట. అదే గంజులో ఏడు కిలోల ధాన్యమునకు పదునెనిమిది లీటర్ల నీరు పోసి, కడుగుట మానివేసి, స్వయముగా దిగిన పదకొండు లీటర్ల వర్టును గంటసేపు మరిగించినచో తొమ్మిది లీటర్ల గాఢమైన బీరునకు కావలసిన తీపి శ్రమలేక లభించును. ధాన్యమెంత పోయవలెనను ప్రశ్న రెండవది. నీరెంత, బీరెంత యను ప్రశ్నయే మొదటిది. ఆ క్రమమున లెక్క వేసికొన్నవానికి ఏడు కిలోలు చాలును. ముందుగా ధాన్యమును కొని పిమ్మట పాత్రను వెదకువానికి పదకొండు కిలోలును చాలవు.