కణితి వాలకం చాలదు, జన్యువూ చూడాలి

మెదడులోంచి తీసిన కణితి ముక్కకు రంగులద్ది, సూక్ష్మదర్శిని కింద కణాల వాలకం చూసి పేరు పెట్టడం 1926లో బెయిలీ, కుషింగ్ వేసిన బాట. దాదాపు తొంభై ఏళ్లు అదే నడిచింది. చిక్కల్లా ఆస్ట్రోసైటోమా, ఆలిగోడెండ్రోగ్లయోమా అనే రెండు రకాల కణితుల నడుమ వచ్చింది. ఒకే స్లైడు చూసి ఇద్దరు ఉద్దండులు రెండు పేర్లు చెప్పేవారు. ఎటూ తేలనప్పుడు ‘ఆలిగోఆస్ట్రోసైటోమా’ అని కలగాపులగపు పేరొకటి రాసి ఊరుకునేవారు. జన్యు పరీక్ష చేసేసరికి ఆ మిశ్రమ కణితులు దాదాపు అన్నీ ఇటో అటో తేలిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణలో ఆ పేరే లేదు. ఐడీహెచ్ జన్యువులో మార్పు ఉండి, 1వ క్రోమోజోమ్ పొట్టి భుజమూ 19వ దాని పొడవు భుజమూ రెండూ పోయి ఉంటేనే ఇప్పుడు ఆలిగోడెండ్రోగ్లయోమా అంటారు.

పేరు మారితే రోగికి ఒరిగేదేమిటని అడగవచ్చు. 1994లో ఉత్తర అమెరికాలో మొదలైన ఒక ప్రయోగం చూడండి. ఈ జాతి కణితులున్న 291 మందిలో సగం మందికి రేడియేషన్ మాత్రమే, మిగతావారికి దానికి ముందు మూడు మందుల కీమోథెరపీ ఇచ్చారు. అందరినీ కలిపి లెక్కిస్తే సగటు ఆయుష్షులో తేడా లేదు. అక్కడితో ఆగి ఉంటే ఆ మందులు వృథా అని తీర్పు ఖాయమయ్యేది. 2013లో క్రోమోజోముల వారీగా విడదీసి చూశారు: భుజాలు రెండూ పోయినవారిలో మధ్యస్థ ఆయుష్షు రేడియేషన్‌తో 7.3 ఏళ్లు, కీమో కలిస్తే 14.7 ఏళ్లు. పోనివారిలో మాత్రం రెండు పద్ధతుల్లోనూ రెండున్నరేళ్ల పైచిలుకే. మందు పనిచేస్తూనే ఉంది, సగటు దాన్ని కప్పేసింది. ఇలా తర్వాత విడదీసి చూసిన లెక్కలు కాకతాళీయం కావచ్చుననడం న్యాయమైన అనుమానమే. కానీ ఐరోపాలో వేరుగా జరిగిన ప్రయోగమూ అటే మొగ్గింది.

ఖర్చు మాటా ఉంది. అయితే ప్రతి రోగికీ పూర్తి జన్యుపటం అక్కర్లేదు. ఐడీహెచ్ మార్పుల్లో సుమారు 90 శాతాన్ని ఒక యాంటీబాడీ రంగు పరీక్ష మామూలు స్లైడు మీదే పట్టిస్తుంది. ఏటీఆర్ఎక్స్ అనే ప్రోటీన్ కూడా మాయమైందని ఇంకో రంగు చెబితే అది ఆస్ట్రోసైటోమాయే, క్రోమోజోమ్ పరీక్ష అవసరం రాదు. ఇక గ్లయోబ్లాస్టోమా అనే ఉధృతమైన మెదడు కణితి సంగతి. అక్కడ జన్యువు తెలిసినా చేతిలో మందులు తక్కువే, ఇది ఒప్పుకోవాలి. ఎంజీఎంటీ అనే జన్యువు పరీక్ష, టెమొజోలమైడ్ అనే కీమో మాత్ర పెద్దగా పనిచేయదని సూచించినా, వేరే దారి లేక చాలాచోట్ల అదే ఇస్తారు. వృద్ధుల విషయంలో మాత్రం రేడియేషనా, మాత్రలా అన్నది తేల్చడానికి ఆ పరీక్షే ఆసరా. ఐడీహెచ్ మార్పు ఉన్న నెమ్మది కణితులకు 2024లో అమెరికా అనుమతించిన వొరాసిడెనిబ్, కణితి మళ్లీ పెరగకుండా ఉండే కాలాన్ని 11.1 నెలల నుంచి 27.7కు పెంచింది, ఆ మార్పు ఉందని పరీక్షలో తేలితేనే ఈ మందు రాస్తారు. ఆపరేషన్ అయి ఏళ్లు గడిచినవారికీ దారి మూసుకుపోలేదు. మైనంలో భద్రపరచిన కణితి దిమ్మ (బ్లాకు) మీద ఈ పరీక్షల్లో చాలావరకు చేయవచ్చు కనుక, ఆసుపత్రి మారేటప్పుడు రిపోర్టుతో పాటు ఆ బ్లాకులనూ అడిగి తీసుకోవాలి.