పోల్చుకోవడానికీ ఒక కొలబద్ద

మన హాస్టల్లో ఎవరు ఏ పెళ్ళికి బయల్దేరినా అద్దం ముందు ఒక ప్రశ్న వినిపిస్తుంది: "దానికంటే నేను నల్లగా ఉన్నానా?" నేనూ అడిగినదాన్నే. ఈ అలవాటును కూడా కొలవవచ్చునని సైకాలజీ క్లాసులో విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది.

తనను తాను అంచనా వేసుకోవడానికి వేరే ఆధారం దొరకనప్పుడు మనిషి ఇతరులతో పోల్చుకుంటాడని 1954లో లియాన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. పొడుగు కొలవడానికి టేపు ఉంది. అందానికేముంది? పక్కవాళ్ళే!

1991లో థాంప్సన్, మరి ఇద్దరు పరిశోధకులు కలిసి 5 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. విందులకు వెళ్ళినప్పుడు నా రూపాన్ని, దుస్తులను ఇతరుల వాటితో పోల్చుకుంటాను అనే ధోరణిలో వాక్యాలుంటాయి. 'ఎప్పుడూ లేదు' అంటే 1, 'ఎల్లప్పుడూ' అంటే 5. మొత్తం 5 నుంచి 25 దాకా రావచ్చు. ఇది అందానికి వేసే మార్కు కాదు, పోల్చుకునే అలవాటుకు వేసే మార్కు.

అందులో ఒక వాక్యం మాత్రం, పోల్చుకోవడం అందాన్ని తేల్చుకునే మంచి పద్ధతి కాదంటుంది. దాని మార్కును తిరగేసి లెక్కించాలి. చిక్కు అక్కడే వచ్చింది. తప్పని ఒప్పుకుంటూనే రోజూ పోల్చుకునేవాళ్ళం లేమూ? అభిప్రాయం వేరు, అలవాటు వేరు. 2014లో షేఫర్, థాంప్సన్ కాలేజీ అమ్మాయిల జవాబుల ఆధారంగా 11 వాక్యాలతో దాన్ని సవరించారు.

ఆ పదకొండింటికీ నిజాయితీగా జవాబులు రాసుకున్నాను. మార్కులు తక్కువే వచ్చాయి. సంతోషించబోయి ఆగాను. అవి రూపం, బరువు, ఒంటి తీరు, కొవ్వు గురించి అడుగుతాయి. ఒంటి రంగు గురించి విడిగా ఒక్క ప్రశ్న లేదు!

మా అక్క పెళ్ళిచూపుల నాడు, నా రంగు తనకంటే కాస్త మెరుగని నన్ను లోపలి గదిలోనే ఉండమన్నారు. ఆ రోజు పోల్చింది మేమిద్దరం కాదు, పెద్దవాళ్ళు. ఆ తర్వాత అక్క నా పక్కన నిలబడి ఫోటో దిగలేదు. ఆమె చేత ఆ ప్రశ్నావళి పూరింపజేస్తే ఆ బాధ ఏ గడిలో పడుతుంది?

కొలబద్ద అడిగినదే కొలుస్తుంది. మన ఇళ్ళలో వినిపించే ప్రశ్నలు కూడా అందులో చేరాలి. సైకాలజీ చదివే తోటి విద్యార్థినులారా, ఆ పని మనదే కదా!