అర్జీ వ్రాయుట కూడా విద్యయే

‘అర్జీ’, ‘దరఖాస్తు’, ‘రసీదు’ – ఈ మాటలు అరబ్బీ, పారశీక భాషల నుండి వచ్చి తెలుగులో కలిసిపోయినవి. మాటలు మన ఇంటివైనవి గాని, ఆ విద్య ఇంకను మన ఇంటికి రాలేదు.

ఒక విద్యార్థి తనకు స్కాలర్‌షిప్పు అందలేదని రెండు పుటల అర్జీ వ్రాసి మాకు చూపించినాడు. తల్లి కుట్టుపని, అప్పులవాని మాటలు చదివి మా కన్నులు చెమర్చినవి. కాని అందులో తేదీ లేదు, హాల్‌టికెట్టు సంఖ్య లేదు, ఏ సంవత్సరపు సొమ్మో లేదు. కన్నీటిని గుమాస్తా ఏ ఫైలులో పెట్టగలడు? ఎవరు, ఏమి, ఎప్పుడు, ఏమి కావలెను – ఆరు పంక్తులలో మరల వ్రాయించినాము; నకలు ఉంచుకొని రసీదు తీసుకొమ్మన్నాము. నెల తిరుగకముందే జవాబు వచ్చినది: బ్యాంకు ఖాతా సంఖ్యలో ఒక అంకె తప్పు!

2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద మన భాషలోనే అడుగవచ్చును, కారణము చెప్పనక్కరలేదు, సాధారణముగా 30 రోజులలో సమాధానమీయవలెను. అయితే అడుగుట తెలియనివానికి హక్కు ఉండియు లేనట్లే.

మేమును ప్రబంధములు చదివి ఎం.ఏ. పట్టము పుచ్చుకొన్నాము గాని, మొదటి ఉద్యోగపు దరఖాస్తును మరొకరిచేత వ్రాయించుకొన్నాము. ఆ చిన్నతనము మా విద్యార్థులకు వలదు. వారమునకు ఒక్క గంట దీనికి కేటాయింపుమని కళాశాల కమిటీకి ఇదియే మా అర్జీ.