బందరు రేవుకు వచ్చిన స్పెయిన్ వెండి

పాత నాణెం చేతిలో పడగానే మనం అడిగే మొదటి ప్రశ్న "అమ్మితే ఎంత వస్తుంది?" అని. మేమూ అలాగే అడిగాము. మా చదువు కోసం నాయనమ్మ మూట విప్పి ఆరు విక్టోరియా రాణి రూపాయలు ఇచ్చింది. విజయవాడలో అమ్మాము. కొట్టువారు తూకమే చూశారు. వాటి మీద ఏ సంవత్సరం ఉందో వారూ చూడలేదు, మేమూ చూడలేదు. ఆ బాధతోనే నాణేల గురించి చదవడం మొదలుపెట్టాము. వెండిని తూకం వేసి కరిగించడం మన కృష్ణా డెల్టాకు కొత్త కాదని అప్పుడే తెలిసింది.

1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు బందరు (మచిలీపట్నం) చేరారు. వారికి మన నేత బట్టలు కావాలి. మనవారికి వారి సరుకులు అంతగా అక్కరలేదు. అందుకే వెండి, బంగారం తెచ్చారు. ఆ వెండిలో చాలా భాగం స్పెయిన్ ఏలుబడిలోని మెక్సికో, పొటోసి గనులది. పొటోసి గనుల్లోకి అక్కడి ఆదివాసులను బలవంతంగా దించి పని చేయించారు. ఆ వెండితో కొట్టినదే 'ఎనిమిది రియాళ్ల' నాణెం. మన దేశంలో స్పెయిన్ రాజు ముద్రకు విలువ లేదు, వెండికే విలువ. కాబట్టి టంకశాలల్లో కరిగి అవి ఇక్కడి నాణేలయ్యాయి. మిగిలినవి అరుదు.

ఎక్కడైనా కనబడితే గుర్తుపట్టడం ఎలా?

1. తూకం: సుమారు 27 గ్రాములు. బ్రిటిషు కాలపు వెండి రూపాయి 11.66 గ్రాములే.

2. రూపం: బందరు వ్యాపారం నాటివి సుత్తితో కొట్టినవి, అంచులు వంకరగా ఉంటాయి. మెక్సికోలో 1732 నుండి యంత్రంతో గుండ్రంగా చేశారు. వాటిపై సముద్రపు అలలు, రెండు స్తంభాలు, నడుమ రెండు భూగోళాలు, పైన కిరీటం ఉంటాయి. 1772 నుండి ఒకవైపు రాజు తల వచ్చింది.

3. టంకశాల గుర్తు: మెక్సికోదైతే ఇంగ్లీషు 'ఎమ్' అక్షరం, దానిపై చిన్న సున్న.

4. నకిలీ: అయస్కాంతానికి అంటుకుంటే వెండి కాదు. అంటుకోనంత మాత్రాన అసలుదీ కాదు. మెక్సికో నాణెంపై రాజు తల ఉండి 1750 అని ఉంటే అనుమానించాలి.

చింతపండుతో, ముగ్గుతో తోమకూడదు. అక్షరాలు అరిగిపోతాయి. పొలంలో పాత నాణేలు దొరికితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

మిత్రులారా, మన ఇళ్లలో స్పెయిన్ నాణెం లేకపోవచ్చు, రాణి రూపాయి ఉండవచ్చు. 'విక్టోరియా క్వీన్' అని ఉంటే 1876 వరకు, 'ఎంప్రెస్' అని ఉంటే 1877 నుండి వచ్చినది. అవసరం వస్తే అమ్మక తప్పదు, అది తప్పూ కాదు. కానీ ముందు కాగితం పరచి, పెన్సిలుతో రుద్ది, అచ్చు తీసుకోండి. సంవత్సరం రాసుకోండి. మా నాయనమ్మ రూపాయల విషయంలో మేము చేయలేని పని అదే.