తల్లినుండి బిడ్డకు హెచ్.ఐ.వి. సోకకుండ స్థానిక సంఘముల కృషి

హెచ్.ఐ.వి. గల తల్లికి పుట్టిన ప్రతి బిడ్డకును ఆ వైరస్ సోకునని పలువురు తలచుచుందురు. ఇది నిజము కాదు. ఏ చికిత్సయు లేనప్పుడు సైతము నూటికి 15 నుండి 45 మంది శిశువులకు మాత్రమే అది సంక్రమించును. గర్భములో మావి ద్వారా కొందరికి, కాన్పు సమయమున తల్లి రక్తము తగులుట వలన ఎక్కువమందికి, తరువాత చనుబాల ద్వారా మరికొందరికి సోకును. తల్లి క్రమముగా మందులు వాడినచో ఆమె రక్తములో వైరస్ క్షీణించును. అప్పుడు బిడ్డ తల్లిపాలు త్రాగినను ప్రమాదము నూటికి 5 కంటె తక్కువకు దిగును.

1999లో ఫలితములు వెలువడిన యుగాండా పరిశోధనలో, కాన్పు వేళ తల్లికి ఒక నెవిరపిన్ మాత్ర, పుట్టిన బిడ్డకు ఒక మోతాదు ద్రావకము ఇచ్చిరి. సంక్రమణ దాదాపు సగము తగ్గినది. మన దేశములో 2002లో ప్రారంభమైన కార్యక్రమము ఈ పద్ధతినే అనుసరించినది. 2014 నుండి గర్భిణికి జీవితాంతము వాడదగిన మూడు మందుల చికిత్స నిచ్చుచున్నారు. ఇట్టి మందులను తయారుచేసి అనేక దేశములకు పంపు కంపెనీలు హైదరాబాదులోనే కలవు.

మందు దగ్గరనే ఉన్నది గదా, ఇక చిక్కేమి?

హైదరాబాదునకు ఉత్తరమున నాగపూరు మార్గములో మేడ్చల్, కరీంనగర్ మార్గములో శామీర్‌పేట కలవు. పనికై వచ్చి అద్దె యిండ్లలో ఉండు కుటుంబము లిక్కడ చాల. తొలి కాన్పునకు ఆడపిల్ల పుట్టింటికి పోవుట మన ఆచారము. మేడ్చల్‌లో రక్తపరీక్ష చేయించుకొన్న స్త్రీ ఏడవ నెలలో మరొక జిల్లాకు పోవును. ఆమె కాగితము లిక్కడనే మిగిలిపోవచ్చును. తన సంగతి కన్నతల్లికి కూడ చెప్పియుండకపోవచ్చును. నొప్పులు వచ్చిన రాత్రి అక్కడి డాక్టరునకు చెప్పువా రెవరు? బిడ్డకు మందు పుట్టిన వెంటనే మొదలు కావలెను.

బిడ్డ పుట్టగానే పరీక్షించి ఏల తెలిసికొనరాదు? తల్లి రక్తములోని ప్రతిరక్షకములు మావి ద్వారా బిడ్డలో చేరి 18 నెలల వరకు నిలువవచ్చును. కావున సాధారణ పరీక్ష బిడ్డను గూర్చి గాక తల్లిని గూర్చియే చెప్పును. ఆరవ వారమున బిడ్డ మడమనుండి తీసిన రక్తపు చుక్కలలో వైరస్ జన్యుపదార్థమునే వెదకవలెను. తుది నిర్ణయము 18 నెలలకు గాని కాదు. ఇంతకాలము వెంట నుండుట ఆసుపత్రికి సాధ్యము కాదు.

ఇచ్చటనే ఊరివారి సంస్థల అవసరము కలుగుచున్నది. ఘన్‌పూర్‌లోని మెడిసిటీ వైద్యసంస్థతో కలిసి షేర్ ఇండియా అను స్వచ్ఛంద సంస్థ 1990 దశకమునుండి మేడ్చల్ మండల గ్రామములలో గర్భిణుల వివరములు ఇంటింట సేకరించినది. ఎవరు ఎప్పుడు ప్రసవింతురో తెలియనిదే ఏ మందును వేళకు అందదు.

కాని ఒక్క యింటికే పదేపదే పోయినచో వీధి అంతయు అనుమానించును. 2018లో అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము నమ్మి చెప్పిన ఒకరి హెచ్.ఐ.వి. సంగతి వారి సమ్మతి లేక బయటపెట్టుట నిషిద్ధము. అందుచేత తెలివిగల కార్యకర్త వీధిలోని గర్భిణుల నందరిని చూచును. ఐరన్ మాత్రలు, టీకాలు, పుట్టింటి ఊరు, అక్కడి ఆసుపత్రి: ఈ ప్రశ్నలు అందరికిని సమానమే. పుట్టింటి చిరునామా అడిగిన ఎవరు తప్పు పట్టుదురు? అవసరమైన ఆమెకు మాత్రము, ఆమె అంగీకారముతో, అక్కడి చికిత్సా కేంద్రమునకు ముందుగా కబురు చేరును; ప్రయాణమునకు సరిపడు మాత్రలు సంచిలో ఉండును.