చేతిపని, దాని లెక్క

బడిలో చేతిపని నేర్పాలన్న ఆలోచన కొత్తది కాదు. 1937లో వార్ధా విద్యా సమావేశంలో గాంధీజీ, నూలు వడకడం వంటి పని ద్వారానే చదువు చెప్పాలన్నారు. ప్లస్ టూ విద్యార్థులలో 25 శాతం మందిని 1995 నాటికి వృత్తి విద్యలో చేర్చాలని 1986 జాతీయ విద్యా విధానం లక్ష్యం పెట్టుకుంది. 1992లో ఆ గడువును 2000కు జరిపారు. అప్పటికీ అంతమంది చేరలేదు. మార్కులు రానివారి చదువు అన్న చిన్నచూపు ఒక కారణం. పైచదువుకు దారి ఇరుకుగా ఉండటం మరొకటి. తల్లిదండ్రులను తప్పుపట్టలేం.

పని వస్తే చాలదు, లెక్క కూడా రావాలి. మీరు ఒక జాకెట్టు కుట్టి 150 రూపాయలు తీసుకున్నారనుకోండి. లైనింగు, దారం, హుక్కులకు 50 అయింది. మిగిలిన 100 లాభమేనా? కాదు. మూడు గంటలు కుట్టారు. గంటకు 30 చొప్పున మీ కూలి 90. కరెంటు, మిషను అరుగుదల కలిపి 10. ఇక లాభం సున్నా! చాలామంది తమ కూలినే లాభమనుకుంటారు.

ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో 2021లో 11, 12 తరగతుల వారికి తలకు 2,000 రూపాయల వరకు పెట్టుబడి ఇచ్చి, జట్లుగా చిన్న వ్యాపారాలు చేయించారు. ఈ లెక్క అక్కడ చేతికి అందింది.

మీకు వచ్చిన పనికి ఇలాంటి లెక్క నోటుపుస్తకంలో వేయండి. కూలి మరచిపోకండి.