భాగం 7: పాశ్చాత్య వాద్యబృందం, జపాన్ వాద్యాలు – చలనచిత్ర నేపథ్య సంగీతంలో సమ్మేళనం

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• కోటో, షామిసెన్, షకుహాచి వాద్యాల స్వభావాన్ని వివరించగలుగుతారు.
• వీటిని ఆర్కెస్ట్రాతో కలిపేటప్పుడు ఎదురయ్యే సమస్యలను గుర్తించగలుగుతారు.
• ఒక చిత్రంలో ఏ వాద్యానికి ఏ బాధ్యత అప్పగించారో విని, విశ్లేషించగలుగుతారు.

7.1 పరిచయం

తెలుగు సినిమాలో సన్నాయి వినపడగానే, తెర చూడకుండానే అది పెళ్ళి సన్నివేశమని మీరు ఊహించగలరు. ఒక వాద్యం ఇలా స్థలాన్నో సందర్భాన్నో సూచించే గుర్తుగా మారిపోవడం నేపథ్య సంగీతంలో సర్వసాధారణం. అయితే ఆ వాద్యం గుర్తుగానే మిగిలిపోతుందా, పాత్ర మనసును పలికే గొంతు కూడా అవుతుందా? ఈ భాగంలో మనం చర్చించే ప్రధాన ప్రశ్న ఇదే. ఇందుకు 2005లో వచ్చిన 'మెమొయిర్స్ ఆఫ్ ఎ గీషా' చిత్రాన్ని ముఖ్య ఉదాహరణగా తీసుకుందాం. తరువాత జపాన్ స్వరకర్త తోరు తకెమిత్సు అనుసరించిన మార్గంతో పోల్చి చూద్దాం.

7.2 మూడు జపాన్ వాద్యాలు

కోటో: సుమారు ఆరడుగుల పొడవైన చెక్క వాద్యం. సాధారణంగా 13 తంత్రులుంటాయి. ఒక్కొక్క తంత్రి కింద జరపడానికి వీలైన చిన్న ఆధారం ఉంటుంది. కుడిచేతి మూడు వేళ్ళకు తొడిగిన గోళ్ళతో మీటుతారు. ఆధారానికి ఎడమవైపున తంత్రిని నొక్కితే స్వరం పైకి జరుగుతుంది. వీణలో తంత్రిని పక్కకు లాగి గమకం పలికించడం మీకు తెలిసి ఉంటే, ఈ పద్ధతి సులభంగా అర్థమవుతుంది.

షామిసెన్: మూడు తంత్రులు, చర్మం కప్పిన చిన్న పెట్టె, మెట్లు లేని పొడవాటి మెడ దీని రూపం. పెద్ద పలకవంటి సాధనంతో మీటుతారు. మొదటి తంత్రి మెడను తగిలీ తగలకుండా ఉండడం వల్ల జుమ్మనే నాదం పుడుతుంది. దీనిని 'సవారి' అంటారు. తంబూరాలో తంత్రి కింద దారం ఉంచి రాబట్టే నాదం కూడా ఇటువంటిదే.

షకుహాచి: నిలువుగా పట్టుకుని ఊదే వెదురు వాద్యం. ముందు నాలుగు, వెనుక ఒకటి, మొత్తం ఐదు రంధ్రాలు. తల వంచి, ఎత్తి, ఊదే కోణాన్ని మార్చి స్వరాన్ని జార్చుతారు. ఊపిరి చప్పుడు ఇందులో దోషం కాదు, నాదంలో భాగం.

జపాన్ సంగీతంలో ప్రసిద్ధమైన ఒక ఐదు స్వరాల శ్రేణిని మన పరిభాషలో షడ్జమం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం అని చెప్పవచ్చు. స్వరస్థానాలు కలిసినంత మాత్రాన అది మన రాగం కాదు. నడక, గమకం, విరామం వేరు.

7.3 కలపడంలోని చిక్కులు

మొదటిది శ్రుతి. ఆర్కెస్ట్రాలో అనేక వాద్యాలు ఒకే సమయంలో వేర్వేరు స్వరాలు పలికి సామరస్యాన్ని నిర్మిస్తాయి. ఇందుకు స్వరాలు స్థిరంగా నిలవాలి. షకుహాచి అందమంతా స్వరం జారడంలోనే ఉంది.

రెండవది ధ్వని పరిమాణం. నిండు ఆర్కెస్ట్రా ముందు కోటో మీటు వినపడదు. రికార్డింగులో మైక్రోఫోను దగ్గరగా పెట్టి దీనిని సరిచేయవచ్చు. కచేరీలో అయితే స్వరకర్త ఆర్కెస్ట్రానే పలచగా రాయాలి.

మూడవది కాలం. జపాన్ సంగీతంలో స్వరాల మధ్య నిశ్శబ్దానికి 'మా' అని పేరు. దానికి స్వరంతో సమానమైన విలువ ఉంది. సినిమాలో సంగీతం దృశ్యం నిడివికి సరిపోవాలి కనుక, ఆ నిశ్శబ్దానికి చోటు దొరకడం కష్టం.

7.4 'మెమొయిర్స్ ఆఫ్ ఎ గీషా'

ఆర్థర్ గోల్డెన్ 1997 నాటి నవల ఆధారంగా రాబ్ మార్షల్ ఈ చిత్రానికి దర్శకత్వం వహించారు. పేద జాలరి కుటుంబంలోని చియో అనే బాలికను క్యోటోలోని గీషాల ఇంటికి అమ్మివేస్తారు. ఆమె సయురి అన్న పేరుతో పేరొందిన గీషా కావడమే కథ.

స్వరకర్త జాన్ విలియమ్స్ ఇద్దరు ప్రఖ్యాత సోలో వాద్యకారులను పిలిచారు: చెల్లోకు యో-యో మా, వయొలిన్‌కు ఇట్‌జాక్ పెర్ల్‌మన్. ఇద్దరూ ఆయనతో ముందే పనిచేసినవారు. పెర్ల్‌మన్ 'షిండ్లర్స్ లిస్ట్' (1993)లో, మా 'సెవెన్ ఇయర్స్ ఇన్ టిబెట్' (1997)లో వాయించారు. వారికి తోడు కోటో, షామిసెన్, షకుహాచి, టైకో డోళ్ళు ఉన్నాయి. ఈ సంగీతానికి గోల్డెన్ గ్లోబ్, బాఫ్టా, గ్రామీ పురస్కారాలు లభించాయి. ఆస్కార్‌కు నామినేషన్ దక్కింది.

ఇక్కడ పని విభజనను గమనించండి. సయురి ఇతివృత్తాన్ని చెల్లో పలుకుతుంది. ఆమె ప్రేమించిన ఛైర్మన్‌కు సంబంధించిన వాల్ట్జ్‌లో వయొలిన్ ముందుకు వస్తుంది. జపాన్ వాద్యాలు ఎక్కువగా ఊరినీ వీధినీ కాలాన్నీ సూచిస్తాయి, లయకు పదును పెడతాయి.

గీషా శిక్షణలో షామిసెన్ ముఖ్యమైన విద్య. అంటే కథానాయిక చేతిలో ఉండవలసిన వాద్యం ఒకటి, ఆమె మనసు తరఫున పలికే వాద్యం మరొకటి. జపాన్ పాత్రలకు చైనా, మలేషియా నటీమణులను ఎంపిక చేయడంపై విమర్శలు వచ్చాయి. సంగీతం విషయంలోనూ అటువంటి ప్రశ్న అడగడానికి వీలుంది.

అయితే తొందరపడి తీర్పు చెప్పకండి. మీటే వాద్యంలో స్వరం పుట్టిన వెంటనే తగ్గిపోతుంది. కమానుతో వాయించే చెల్లో స్వరాన్ని ఎంతసేపైనా నిలపగలదు. దాని స్థాయి మనిషి గొంతుకు దగ్గర. మెట్లు లేనందున షకుహాచిలా స్వరాన్ని జార్చగలదు. దీర్ఘమైన రాగధారకు దానిని ఎంచుకోవడంలో సాంకేతిక కారణం ఉంది. కానీ షకుహాచి కూడా స్వరాన్ని నిలపగలదు కదా! కాబట్టి సాంకేతిక కారణం ఒక్కటే సరిపోదు. ప్రపంచవ్యాప్త ప్రేక్షకులకు అలవాటైన గొంతును ఎంచుకోవడం కూడా ఈ నిర్ణయంలో ఉందని చెప్పవచ్చు.

7.5 తకెమిత్సు మార్గం

న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ 125వ వార్షికోత్సవం కోసం తకెమిత్సు 1967లో 'నవంబర్ స్టెప్స్' రాశారు. ఇది సినిమా సంగీతం కాదు, కచేరీ రచన. సెయిజి ఒజావా నిర్వహణలో కిన్షి త్సురుత బీవా అనే తంత్రీవాద్యాన్ని, కత్సుయ యొకొయమ షకుహాచిని వాయించారు. తకెమిత్సు రెండు సంగీతాలనూ కరిగించి ఒకటి చేయాలనుకోలేదు. వాటి భేదం వినపడేలా ఎదురెదురుగా నిలిపారు. ఒక దీర్ఘ ఘట్టంలో ఆర్కెస్ట్రా మౌనంగా ఉండి, ఆ ఇద్దరినే వాయించనిస్తుంది.

అకిరా కురొసావా తీసిన 'రాన్' (1985)కు కూడా ఆయనే సంగీతం కూర్చారు. కోట దహనం ఘట్టంలో యుద్ధధ్వనులన్నీ తొలగించి, పాశ్చాత్య ఆర్కెస్ట్రాను మాత్రమే వినిపించారు. అదే చిత్రంలో అంధుడైన త్సురుమారు వేణువు ఊదుతాడు. రాజు తనకు చేసిన అన్యాయాన్ని ఆ వేణువే ఆ రాజుకు గుర్తు చేస్తుంది. అక్కడ వేణువు జపాన్‌కు గుర్తు కాదు, ఒక మనిషి వేదన.

7.6 మీరు చేయండి

సయురి ఇతివృత్తాన్ని ఇయర్‌ఫోన్లతో రెండుసార్లు వినండి. మొదటిసారి చెల్లోను, రెండవసారి దాని వెనుక ఉన్న వాద్యాలను అనుసరించండి. ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి:
(అ) ప్రధాన రాగధార ఎవరిది?
(ఆ) జపాన్ వాద్యాన్ని తీసివేస్తే భావం మారుతుందా, స్థలం మాత్రమే మారుతుందా?
(ఇ) ఆర్కెస్ట్రా ఎక్కడైనా ఆగి దానికి చోటిచ్చిందా?

7.7 సారాంశం

వాద్యాల సంఖ్య పెంచినంత మాత్రాన సమ్మేళనం కాదు. ఏ వాద్యానికి ఏ బాధ్యత ఇచ్చారన్నదే దాని స్వరూపాన్ని నిర్ణయిస్తుంది. విలియమ్స్ జపాన్ వాద్యాలను ఆర్కెస్ట్రా రంగులలో కలిపి, మనసు పలికే బాధ్యతను చెల్లోకు ఇచ్చారు. తకెమిత్సు 'నవంబర్ స్టెప్స్'లో భేదాన్నే నిర్మాణంగా మలిచారు. రెండింటిలోనూ నైపుణ్యం ఉంది. కానీ ఒక సంస్కృతి వాద్యానికి ఎంత మాట దక్కిందో అడగడం శ్రోతగా మీ బాధ్యత. ఇకపై తెలుగు సినిమాలో వీణ, సన్నాయి వినపడినప్పుడు కూడా ఇదే ప్రశ్న వేసుకోండి.

7.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. 30 పంక్తులలో జవాబు రాయండి.
1. 'మెమొయిర్స్ ఆఫ్ ఎ గీషా' సంగీతంలో వాద్యాల పని విభజనను విశ్లేషించండి.

II. 10 పంక్తులలో జవాబు రాయండి.
1. జపాన్ వాద్యాలను ఆర్కెస్ట్రాతో కలపడంలోని మూడు చిక్కులేవి?
2. 'రాన్' చిత్రంలో వేణువు ప్రాధాన్యాన్ని వివరించండి.